మధ్యమం పలకని చిప్: ఈటీ గేమ్ పాట ఎందుకు శ్రుతి తప్పింది?

టీవీకి తగిలించి ఆడే పాత గేమ్ పెట్టె అటారీ 2600లో ‘ఈటీ’ గేమ్ పెట్టి ఆన్ చేస్తే ముందుగా తెర నిండా గ్రహాంతరవాసి ఈటీ ముఖం వస్తుంది. లావుపాటి గడులతో కట్టిన ముఖమే అయినా చూడగానే ఎవరో తెలిసిపోతుంది. ఆ బొమ్మతో పాటే ఒక చిన్న ట్యూన్ మొదలవుతుంది. స్పీల్‌బర్గ్ తీసిన ‘ఈటీ’ సినిమా చూసినవాళ్లు నాలుగు స్వరాలు వినేసరికి అది జాన్ విలియమ్స్ కట్టిన థీమ్ అని పోల్చుకుంటారు. వెంటనే ఇంకో సంగతీ చెవికి తగులుతుంది. శ్రుతి ఎక్కడో తప్పుతోంది. పాట వచ్చినవాడే పాడుతున్నాడు గానీ గొంతు సహకరించడం లేదన్నట్టు ఉంటుంది.

1982 నాటి ఈ గేమ్‌కు ‘చరిత్రలోనే అతి చెత్త గేమ్’ అన్న పేరు స్థిరపడిపోయింది. దాని గోతుల గురించి, అమ్ముడుపోని క్యాసెట్లను ఎడారిలో పూడ్చిపెట్టడం గురించి అందరూ చెబుతారు. ఆ పాట గురించి చెప్పేవాళ్లు తక్కువ. మరోవైపు, పాత సినిమా గేమ్‌లలో ఇంకో రకం ఉంది. ఆట ఆడితే నీరసం వస్తుంది, సంగీతాన్ని మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత కూడా జనం వెతుక్కుని వింటారు. అదెలా అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు, ‘ఆ రోజుల్లో అన్నీ పరిమితులే కదా, పరిమితులు ఉంటేనే కళ పుడుతుంది’ అని.

ఆ మాట సగమే నిజమని నా అభిప్రాయం. పరిమితులే కళను పుట్టించేటట్టయితే అందరికంటే గొప్ప సంగీతం అటారీ 2600 నుంచే రావాలి. దానికి ఉన్నన్ని పరిమితులు ఆ తర్వాత వచ్చిన చాలా పెట్టెలకు లేవు. మరి ఎందుకు రాలేదు? దీనికి జవాబు కాస్త లెక్కల్లో, కాస్త వ్యాపారంలో ఉంది. రెండూ అర్థమైతే ఆట పోయి పాట మిగలడం వెనకున్న కారణం కూడా తెలుస్తుంది.

సినిమా లైసెన్స్‌తో గేమ్ అంటే ఏం కొంటారు?

ఒక సినిమా పేరు, పాత్రలు, బొమ్మలు వాడుకోవడానికి హక్కు కొని తయారుచేసేదే లైసెన్స్ గేమ్. సినిమా హక్కులను విడదీసి అమ్మడం మనకు కొత్తేమీ కాదు. శాటిలైట్ ఒకరికి, ఆడియో ఒకరికి, డబ్బింగ్ ఒకరికి, రీమేక్ ఇంకొకరికి వెళ్తాయి. గేమ్ హక్కు కూడా అలాంటి ఒక ముక్కే.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది తేదీ. సినిమా వేడి చల్లారకముందే గేమ్ షాపుల్లో ఉండాలి. గేమ్ ఎంత బాగుందన్నది తర్వాత సంగతి, పండగ సీజన్ దాటిపోతే కట్టిన డబ్బు వెనక్కి రాదు. రెండోది పాట. సినిమా పేరు మీద హక్కు కొన్నంత మాత్రాన ఆ సినిమా సంగీతం దానంతటదే చేతికి రాదు, అది వేరే బేరం. అందుకే చాలా సినిమా గేమ్‌లలో అసలు సినిమా ట్యూన్ వినిపించదు. గేమ్ కంపెనీలో పనిచేసే సంగీతకారుడు సొంతంగా కట్టిన ట్యూనే ఉంటుంది. ఈ రెండో చిక్కు ముందుముందు మనకు బాగా పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఐదు వారాల్లో కట్టిన గేమ్

ఈటీ సినిమా 1982 జూన్‌లో విడుదలైంది. అటారీ అప్పట్లో వార్నర్ కమ్యూనికేషన్స్ చేతిలో ఉంది. గేమ్ హక్కుల బేరం తెగేసరికి జులై చివరికి వచ్చింది. హక్కుల కోసం 2 కోట్ల డాలర్లకు పైనే ముట్టజెప్పారని చెబుతారు. క్రిస్మస్ అమ్మకాలకు సరుకు అందాలంటే సెప్టెంబర్ 1కల్లా గేమ్ పూర్తికావాలి. అంటే సుమారు ఐదు వారాలు. మామూలుగా ఇలాంటి గేమ్ మీద నెలల తరబడి పనిచేసేవాళ్లు.

పని హోవార్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ ఒప్పుకున్నాడు. అతను అనుభవం లేని కుర్రాడేమీ కాదు. ‘యార్స్ రివెంజ్’ అనే మంచి పేరున్న గేమ్ చేశాడు, అంతకుముందే మరో స్పీల్‌బర్గ్ సినిమాను గేమ్‌గా మలిచాడు. ఇంటికే ఒక కంప్యూటర్ తెప్పించుకుని రాత్రీ పగలూ పనిచేశాడు. చేతిలో ఉన్న స్థలం 8,192 బైట్లు. ఇప్పుడు ఫోన్‌లో ఒక చిన్న ఫొటోకు కూడా అంతకంటే ఎన్నో రెట్లు స్థలం పడుతుంది. తెర మీద బొమ్మలు, ఆట నియమాలు, శత్రువుల కదలికలు, ఆ ముఖం, ఆ పాట, అన్నీ అందులోనే సర్దాలి.

గేమ్‌లో ఈటీ తన గ్రహానికి ఫోన్ చేసుకోవాలి. ఫోన్ మూడు ముక్కలై గోతుల్లో పడి ఉంటుంది. గోతిలో దిగి ముక్కను వెతకాలి, మెడ సాచి పైకి తేలుతూ బయటికి రావాలి. ఇక్కడే ఆటగాళ్ల ఓపిక నశించింది. బొమ్మను చూస్తే ఈటీ కాళ్లు గోతికి దూరంగా, గట్టి నేల మీదే ఉన్నట్టు కనిపిస్తాయి. ప్రోగ్రామ్ మాత్రం కాళ్లను విడిగా చూడదు. తల అంచు గోతి బొమ్మను ఒక్క చుక్క తాకినా ‘పడ్డాడు’ అనేస్తుంది. కష్టపడి పైకి వస్తే, వచ్చిన చోటే మళ్లీ అంచు తగిలి మళ్లీ లోపలికి. పదేళ్ల పిల్లాడికి ఇది తన తప్పో, గేమ్ తప్పో అర్థం కాదు.

దీన్ని సమర్థించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటలో బలం ఉంది. ఆ రోజుల్లో చాలా గేమ్‌లు ఒకే తెర మీద కాల్చుకోవడమో, తప్పించుకోవడమో. ఈటీలో ఆరు తెరల ప్రపంచం ఉంది, ఒక్కో చోట ఒక్కో శక్తి పనిచేస్తుంది, దానికి గుర్తు తెర పైభాగంలో కనిపిస్తుంది. మాన్యువల్ చదివి ఆడితే అర్థవంతమైన ఆటే. అయిదు వారాల్లో ఇంత చేయడం గొప్పే అని వాళ్లంటారు. నేను దాంతో ఏకీభవిస్తాను. కానీ సరిచూసుకోవడానికి ఇంకో రెండు వారాలు దొరికి ఉంటే ఆ గోతుల సంగతి తేలిపోయేది.

అటారీ కూలిపోవడానికి ఇదే కారణమా?

ఈ గేమ్ ఒక్కటే 1983లో అమెరికా వీడియో గేమ్ వ్యాపారాన్ని ముంచిందన్న ప్రచారం బాగా ఉంది. ఎక్కువగా చెప్పే అంకెల ప్రకారం సుమారు 40 లక్షల క్యాసెట్లు తయారుచేస్తే 15 లక్షలు అమ్ముడుపోయాయి. నష్టం మాట నిజం. అయితే తేదీలు చూడండి. లాభాలు అనుకున్నంత రావని వార్నర్ ప్రకటించింది 1982 డిసెంబర్ 7న. అప్పటికి ఈటీ క్రిస్మస్ అమ్మకాల లెక్క ఇంకా తేలనే లేదు. అదే ఏడాది అటారీ తెచ్చిన ‘ప్యాక్ మ్యాన్’ కూడా బాగా అమ్ముడుపోయినా నాసిరకం అని చెడ్డపేరు తెచ్చుకుంది. షాపుల్లో ఎవరెవరో తయారుచేసిన గేమ్‌లు గుట్టలు పడ్డాయి, ఇంటి కంప్యూటర్ల ధరలు దిగివచ్చాయి. ఈటీ ఆ జబ్బుకు ఒక లక్షణం. కారణాల్లో ఒకటి కూడా కావచ్చు గానీ, మొత్తం నేరం దాని నెత్తిన వేయలేం.

అమ్ముడుపోని సరుకును 1983 సెప్టెంబర్‌లో న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్త డంప్‌లో పూడ్చారు. 2014 ఏప్రిల్ 26న తవ్వితే బయటపడింది. పైకి తీసిన సుమారు 1,300 క్యాసెట్లలో ఈటీ కొన్నే, మిగతావి రకరకాల గేమ్‌లు.

చిప్ పాడటం అంటే ఏమిటి?

ఇక అసలు సంగతికి వద్దాం.

శబ్దం అంటే కంపనం. సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్కకు హెర్ట్జ్ అని పేరు. కంపనాలు పెరిగితే స్వరం పైకి పోతుంది, రెట్టింపు అయితే సా కాస్తా పై సా అవుతుంది. చిప్‌కు గొంతూ తీగా ఉండవు, ఒక గడియారం ఉంటుంది. అది సెకనుకు వేలసార్లు టిక్కుమంటుంది. ఆ టిక్కులను లెక్కపెట్టి, ఇన్నింటికొకసారి అని స్పీకర్‌ను కదిలిస్తే అదే స్వరం. అంటే చిప్ చేసే సంగీతమంతా భాగాహారమే.

అటారీ 2600లో బొమ్మనూ శబ్దాన్నీ ఒకే చిప్ చూసుకుంటుంది. దాని పేరు టియా. 1977లో ఆ పెట్టె మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని పని బంతి తగిలితే ‘టక్’ అనడం, బాంబు పేలితే ‘బుస్’ అనడం. పాడుతుందని ఎవరూ ఆశించలేదు. అమెరికా టీవీ తెర మీద అది సెకనుకు సుమారు 15,700 గీతలు గీస్తుంది. శబ్దాన్ని కూడా ఆ గీతల లయ మీదే నడుపుతుంది. శుద్ధమైన స్వరం కావాలంటే 15,700ను ఒక పూర్ణసంఖ్యతో భాగిస్తుంది. ఆ సంఖ్య 1 నుంచి 32 వరకే ఉంటుంది. ఒకటితో భాగిస్తే 15,700 హెర్ట్జ్, చెవిలో సూదిలా గుచ్చుకునే కూత. 32తో భాగిస్తే సుమారు 490 హెర్ట్జ్. ఆ రకం స్వరాలు మొత్తం ముప్పై రెండే. ముప్పై రెండు చాలవా అనిపిస్తుంది. ఎందుకు చాలవో వీణ మీద చూద్దాం.

ముప్పై రెండు మెట్ల వీణ

వీణ తీగ పొడవు తగ్గేకొద్దీ స్వరం పెరుగుతుంది, సగానికి నొక్కితే పై సా పలుకుతుంది. టియాలో భాగించే సంఖ్య అచ్చం తీగ పొడవులాంటిదే. కాబట్టి టియాను 32 అంగుళాల తీగ ఉన్న వీణ అనుకుందాం. ప్రతి అంగుళం దగ్గర ఒక మెట్టు ఉంది.

మామూలు వీణకు మెట్లను అలా సమాన దూరంలో పెట్టరు. చెవితో విని, ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో చూసి మైనంలో కూర్చుతారు. కింది స్థాయిలో మెట్లు ఎడంగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. టియా వీణలో మెట్లు ఎవరో స్కేలు పెట్టి కొలిచి మేకులు కొట్టినట్టు ఉంటాయి. కదలవు. తీగను పక్కకు లాగి గమకం పలికించే దారి కూడా లేదు.

ఇప్పుడు 30 అంగుళాల మెట్టును సా అనుకుందాం. 15,700ను 30తో భాగిస్తే 523 హెర్ట్జ్, చక్కటి సా. శంకరాభరణం ఆరోహణ పలికించి చూద్దాం. సహజ శ్రుతి లెక్కల ప్రకారం గాంధారానికి తీగ 24 అంగుళాలు ఉండాలి, ఉంది. పంచమానికి 20, ఉంది. ధైవతానికి 18, నిషాదానికి 16, పై సా కోసం 15, మూడూ ఉన్నాయి. రిషభానికి మాత్రం 26 అంగుళాల మీద మూడింట రెండొంతులు కావాలి. అది లేదు గనక 27 దగ్గర నొక్కాలి, స్వరం కొంచెం దిగుతుంది. సర్దుకుపోవచ్చు.

మిగిలింది మధ్యమం. దానికి కావలసిన పొడవు ఇరవై రెండున్నర అంగుళాలు. మెట్లు 22 దగ్గర, 23 దగ్గర ఉన్నాయి. ఆ రెంటికీ సరిగ్గా నడిమధ్యలో మధ్యమం ఉంది, అక్కడ మెట్టు లేదు! కావలసింది 698 హెర్ట్జ్. 22 నొక్కితే 714, 23 నొక్కితే 683. గాంధారానికీ మధ్యమానికీ మధ్య దూరమే 44 హెర్ట్జ్, అందులో మూడో వంతుకు మించిన తప్పు ఇది. సంగీతం నేర్చుకోనివాళ్లకు కూడా చెవికి గుచ్చుకుంటుంది.

పై స్థాయికి వెళ్తే ఇంకా కష్టం. 15 దగ్గర సా అయితే దాని పై సా ఏడున్నర దగ్గర ఉండాలి. అక్కడా మెట్టు లేదు. పాటకు ప్రాణమైన షడ్జమే దొరకని చోట ఎవరు మాత్రం ఏం పాడతారు?

శ్రుతి మార్చి, 24ను సా చేసుకుంటే? మధ్యమం 18 దగ్గర, పంచమం 16 దగ్గర శుభ్రంగా దొరుకుతాయి. ఈసారి రిషభం, గాంధారం, ధైవతం, నిషాదం నాలుగూ మెట్ల మధ్యలో పడిపోతాయి. ఒకటి సర్దితే ఇంకోటి జారుతుంది. ఏడు స్వరాలూ ఒకేసారి మెట్ల మీద కూర్చోవాలంటే తీగ పొడవు కనీసం 180 అంగుళాలు ఉండాలి. అప్పుడు సా 180, రి 160, గ 144, మ 135, ప 120, ద 108, ని 96, పై సా 90. అన్నీ పూర్ణసంఖ్యలే. టియా దగ్గర ఉన్నది 32 అంగుళాలు.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. టియాకు ఒకే గొంతు లేదు. బుసబుసలాడే గొంతు, గరగరలాడే గొంతు, మూడు రెట్లు మంద్రంగా పలికే గొంతు, ఇలా కొన్ని రకాలున్నాయి. ఒక గొంతులో దొరకని స్వరం ఇంకోదాంట్లో దొరకవచ్చు. అయితే పాట మధ్యలో ఒక్క స్వరానికి గాయకుడు మారిపోయినట్టుంటుంది. ఇప్పటికీ అటారీ 2600కు సరదాగా గేమ్‌లు రాసేవాళ్లు దొరికే స్వరాలేవో ముందే జాబితా వేసుకుని, వాటితోనే ట్యూన్ కడతారు. అలా కడితే వినసొంపుగానే ఉంటుంది.

ఈటీ గేమ్‌కు ఆ వెసులుబాటు లేదు. ట్యూన్ ముందే ఖాయమైపోయింది. ప్రపంచమంతా విని, తర్వాత ఆస్కార్ కూడా అందుకున్న సంగీతంలోని ట్యూన్ అది. ఒక్క స్వరం మార్చినా ‘ఇది అది కాదే’ అంటారు. మార్చకపోతే చిప్ పలకదు. పరిమితి సంగీతాన్ని పుట్టించాలంటే సంగీతకారుడికి తప్పుకునే దారి ఒకటి ఉండాలి. ఇక్కడ చిప్ ఒకవైపు, లైసెన్స్ ఇంకోవైపు దారి మూసేశాయి.

ఆ పెట్టెలోంచి మంచి సంగీతం రాబట్టాలంటే ఏం కావాలో 1984లో డేవిడ్ క్రేన్ చూపించాడు. తన ‘పిట్‌ఫాల్ 2’ క్యాసెట్ లోపల సొంతంగా రూపొందించిన అదనపు చిప్‌ను పెట్టి, దాని సాయంతో గేమ్ అంతటా సంగీతం నడిపించాడు. అంటే పరిమితిని భరించలేదు, డబ్బు పెట్టి దాటాడు.

అదే ఆగస్టులో వచ్చిన ఇంకో చిప్

వార్షా తన ఐదు వారాలతో కుస్తీ పడుతున్న 1982 ఆగస్టులోనే కమడోర్ 64 అనే కంప్యూటర్ మార్కెట్లోకి వచ్చింది. అందులో సిడ్ అనే శబ్దపు చిప్ ఉంది. రూపొందించింది బాబ్ యానెస్. అతనికి సంగీతం తెలుసు, సింథసైజర్ల మీద మోజు ఉంది. సిడ్‌కు ఉన్నవి మూడు గొంతులే. కానీ స్వరం ఎంపికకు 32 మెట్ల బదులు 65,536 మెట్లు ఇచ్చాడు. యూరప్‌లో అమ్మిన కంప్యూటర్లలో ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ తేడా 0.06 హెర్ట్జ్. మన 698 హెర్ట్జ్ మధ్యమం అందులో వెంట్రుకవాసి తేడా లేకుండా దొరుకుతుంది. అంతేకాదు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారవచ్చు, స్వరాన్ని ఊపవచ్చు. గమకానికి దారి తెరుచుకుందన్నమాట.

గొంతులు మూడే గనక సంగీతకారులు ఒక చిట్కా పట్టుకున్నారు. సా, గ, ప మూడూ కలిసి మోగాలంటే మూడు గొంతులూ ఖర్చయిపోతాయి. అందుకని ఒకే గొంతుతో సా ఒక క్షణం, గ ఒక క్షణం, ప ఒక క్షణం, సెకనుకు యాభైసార్లు మార్చుతూ పోయారు. చెవి వాటిని విడదీయలేదు, మూడూ కలిసి బుడబుడలాడుతున్నట్టు వింటుంది. పాత గేమ్ సంగీతం అనగానే మన చెవిలో మెదిలే ఆ గలగల అక్కడి నుంచి వచ్చిందే. పరిమితి కళకు దారితీసిన చోటు ఇది. కొరత గొంతుల సంఖ్యలో ఉంది, శ్రుతిలో లేదు.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఓషన్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ వరసగా సినిమా లైసెన్సులు కొనేది. అక్కడ మార్టిన్ గాల్వే ఆస్థాన సంగీతకారుడు. 1986లో వాళ్లు తెచ్చిన ‘హైలాండర్’ గేమ్ ఇద్దరు కత్తియుద్ధం చేసుకోవడంతోనే సరి. సినిమాలో ఉన్న కాలం, చరిత్ర, విషాదం ఏదీ ఆటలోకి రాలేదు. కమడోర్‌లో గాల్వే సంగీతం మాత్రం ఆటకు మించిన స్థాయిలో ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో గేమ్‌లు ఆడియో క్యాసెట్ టేపుల మీద వచ్చేవి, లోడ్ కావడానికి నిమిషాల తరబడి పట్టేది. ఆ ఎదురుచూపులో వినడానికి గాల్వే ప్రత్యేకంగా సంగీతం కట్టాడు. టేపు గిర్రున తిరుగుతుంటే, కదలిక లేని తెర ముందు కూర్చున్న పిల్లవాడికి సంగీతం తప్ప ఇంకేమీ లేదు. ఆట మొదలయ్యేలోపే పాట మనసులో పడిపోయేది. తర్వాత ఆట బాగోలేకపోయినా ఆ పాట మీద ఇష్టం పోదు.

రోబోకాప్ 3: సినిమా కంటే ముందే వచ్చిన గేమ్

ఆట, పాట రెండు దారుల్లో పోవడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ నింటెండో పెట్టె మీద 1992లో వచ్చిన ‘రోబోకాప్ 3’. సినిమా తీసిన ఓరియన్ పిక్చర్స్ దివాలా తీయడంతో సినిమా విడుదల 1993 దాకా ఆగిపోయింది. గేమ్ అంతకుముందే షాపుల్లోకి వచ్చేసింది. ఆటగా చూస్తే సాదాసీదా వ్యవహారం. రోబో బరువుగా నడుస్తాడు, నాలుగు వైపుల నుంచి తూటాలు తగులుతూనే ఉంటాయి. సరదా కంటే విసుగే ఎక్కువ.

సంగీతం కట్టింది నెదర్లాండ్స్‌కు చెందిన యెరూన్ టెల్. సిడ్ చిప్ మీద చేయి తిరిగినవాడు. టైటిల్ తెర దగ్గరే ఆగిపోయి, బటన్ నొక్కకుండా మొత్తం విని అప్పుడు ఆట మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ అంతే. కింద డ్రమ్ముల్లా దరువు, దాని మీద గలగలలు, వాటి మీద జారుతూ పోయే ప్రధాన స్వరం. వింటుంటే అది గొప్ప సినిమాకు టైటిల్ మ్యూజిక్ అనిపిస్తుంది.

నింటెండో చిప్ కూడా టియాలాగే భాగాహారమే చేస్తుంది. తేడా ఏమిటంటే సుమారు 1,11,861ని భాగించడానికి 2,048 వరకు సంఖ్యలున్నాయి. మన మధ్యమం కోసం 160తో భాగించండి. 699 హెర్ట్జ్. రెండు హెర్ట్జ్ తేడా కూడా లేదు. 180 అంగుళాల తీగ అడిగాం కదా, ఇక్కడ 2,048 అంగుళాల తీగ ఉంది.

1990లలో మన ఊళ్లలో వేసవి సెలవుల్లో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేమ్ పెట్టెలు చాలావరకు ఈ నింటెండో నమూనాకు నకళ్లే. ఆ గేమ్‌ల పాటలు ఇప్పటికీ మనం శ్రుతి తప్పకుండా కూనిరాగం తీయగలుగుతున్నామంటే, అవి ముందు శ్రుతిలో మన చెవిన పడ్డాయి గనకే.

ఆట పోయినా పాట ఎందుకు మిగులుతుంది?

దీని మీద మూడు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, ఇదంతా చిన్ననాటి జ్ఞాపకమే తప్ప సంగీతంలో ఏమీ లేదు అని. అది నిజమైతే ఆ గేమ్ ఎప్పుడూ ఆడని నేటి కుర్రాళ్లు ఈ ట్యూన్లు వినకూడదు. వింటున్నారు, గిటార్ల మీద వాయిస్తున్నారు. రెండోది, పరిమితుల సిద్ధాంతం. అది ఎంతవరకు నిజమో పైన చూశాం.

మూడోది పని తీరుకు సంబంధించినది. నాకు ఎక్కువ బరువుగా తోచేది ఇదే. ఆట అనేది రాసి, ఆడించి, చూసి, మళ్లీ దిద్దుకుంటే గానీ కుదరదు. తేదీ ముందుకు జరిగినప్పుడు మొదట కోత పడేది ఆ దిద్దుబాటు మీదే. పాటకు ఆ బాధ తక్కువ. కట్టేది ఒక్కడు, విని సరిచూసుకునేదీ అతనే. పరీక్షించడానికి ఆటగాళ్లు అక్కర్లేదు, గోతి అంచు ఎక్కడుందో తెలియనక్కర్లేదు. ఒక్కో స్వరానికి ఏ స్వరమో చెప్పడానికి ఒక బైటు, ఎంతసేపో చెప్పడానికి ఒక బైటు అనుకుంటే, వంద స్వరాల ట్యూన్ 200 బైట్లలో ఇమిడిపోతుంది. పైగా సినిమా ట్యూన్ వాడుకునే హక్కు లేకపోవడం చాలాసార్లు మేలే చేసింది. సొంతంగా కట్టుకోవాల్సి వచ్చినప్పుడు సంగీతకారుడు తన చిప్‌కు ఏది బాగా పలుకుతుందో అదే కట్టుకున్నాడు.

అయితే ఇది అన్నిచోట్లా వర్తించదు. తొందర్లో పాడైపోయిన సంగీతమూ బోలెడు ఉంది. మనకు గుర్తున్నవి మిగిలినవే కాబట్టి అన్నీ బాగున్నాయని అనిపిస్తుంది.

ఈటీకి ఇంకో మలుపు ఉంది. 2013లో ఒక అభిమాని ఆ గేమ్ ప్రోగ్రామ్‌ను బైటు బైటుగా చదివి, తప్పు ఎక్కడుందో పట్టుకుని దిద్దాడు. తల అంచు తగిలితే పడిపోకుండా, కాళ్లు గోతిలోకి వస్తేనే పడేలా మార్చాడు. మార్చాల్సి వచ్చింది గుప్పెడు బైట్లే. ముప్పై ఏళ్లు తిట్లు తిన్న ఆట హాయిగా ఆడుకునేలా తయారైంది. ఆ దిద్దిన గేమ్ ఆన్ చేసినా ముందుగా వచ్చేది అదే ముఖం, వినిపించేది అదే ట్యూన్. ఇరవై రెండుకూ ఇరవై మూడుకూ మధ్య మెట్టు ఏ ప్రోగ్రామ్‌తోనూ రాదు, అది 1977లోనే చిప్‌లో అచ్చయిపోయింది.